తోడునీడ

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో రాజమహేంద్రవరంలో జన్మించారు. బాల్యంలోనే ఆయనకు రాజ్యలక్ష్మమ్మగారితో వివాహమైంది. 1881 డిసెంబరు 11న పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు బంధువులు దూరమయ్యారు. వంటవారు, నీళ్లు తెచ్చేవారు సైతం రావడానికి నిరాకరించారు. రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుండి నీళ్లు మోసి, వంట చేసి, భర్త సంకల్పాన్ని నిలబెట్టారు. సంతానం లేని ఆ దంపతులు తమను ఆశ్రయించిన వితంతువులను కన్నబిడ్డలవలె ఆదరించారు.

1910లో ఆమె కన్నుమూయడంతో అరవై రెండేళ్ల పంతులుగారు ఒంటరివారయ్యారు. అప్పటికే తమ ఆస్తిని హితకారిణీ సమాజానికి అర్పించిన ఆయన, సేవలోనూ రచనలోనూ ఆ దుఃఖాన్ని దిగమింగుకున్నారు, స్వీయచరిత్రను పూర్తిచేశారు. 1919 మే 27న మద్రాసులో, మిత్రులు కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట తుదిశ్వాస విడిచారు. ఇల్లాలు వెళ్లిపోయినా, స్నేహం మాత్రం ఆయనను కడవరకు విడువలేదు.