శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ గారును శిశుసంక్షేమ నిధియు

ప్రణాళిక యనగానే భిలాయిలో నివసించు మనకు కొలిమియు, ఉక్కును స్ఫురించుట సహజము. మన కర్మాగారము రెండవ పంచవర్ష ప్రణాళిక నాటిది. అంతకు ముందటి ప్రణాళికలోనే దిక్కులేని పిల్లలకును, నిరాశ్రయులైన స్త్రీలకును, వికలాంగులకును తోడ్పడు స్వచ్ఛంద సంస్థల నిమిత్తము నాలుగు కోట్ల రూపాయలు ప్రత్యేకింపబడెను. ఆ ధనమును పంచు భారము వహించినది ఒక తెలుగు వనిత యని కోహ్కాలో పెరుగుచున్న మన పిల్లలలో ఎందరెరుగుదురో!

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యము కాకినాడలో గడచెను. ఎనిమిదవ యేట వివాహమయ్యెను. ఊహ తెలిసిన పిమ్మట ఆ బంధమును తామే వదలుకొనిరి. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినపుడు దేవదాసీలును, ముస్లిం స్త్రీలును వారిని కలిసికొనవలెనని ఈ పన్నెండేండ్ల బాలిక పట్టుపట్టెను. అయిదువేల రూపాయల నిధి సమర్పించినగాని సమయము దొరకదని నిర్వాహకులు తెలిపిరి. ఆ సొమ్మును దేవదాసీలే కూర్చిరి, సభయు జరిగెను. దాతలనగా ధనికులే యని తలచువారు ఈ ఘట్టమును గమనింపవలెను.

ఉప్పు సత్యాగ్రహమున కారాగారవాసము, పిదప కాశీలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయమునను చదువు, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము, అటుపై రాజ్యాంగ సభ. ఈ నడుమనే 1937లో మద్రాసున బాలికల చిన్న కూటమి నుండి ఆంధ్ర మహిళా సభ రూపొందెను. విరాళముతో సంస్థను నడుపుట యెంత కష్టమో ఆమెకు అక్కడ తెలిసివచ్చెను.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా ఆమె తొలి అధ్యక్షురాలైరి. అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ గారితో వివాహము ఆ సంవత్సరమే జరిగెను. బోర్డు గ్రాంటు పొందు సంస్థ తన వంతు సొమ్మును తానును కూర్చుకొనవలసియుండెను. నియమము మంచిదే. కాని అర్జీ వ్రాయగల సంస్థలు, చందాలిచ్చు దాతలు హెచ్చుగా నున్నది పట్టణములలో. సంస్థయే లేని పల్లెలోని పసివాని పక్షమున అర్జీ పెట్టువారెవరు? సచివాలయమున ఫైళ్ళు చూచు నావంటివానికి ఈ చిక్కు బాగుగా తెలియును. వినియోగ ధ్రువపత్రము రూపాయి ఖర్చయినదని చెప్పును గాని బిడ్డ కడుపు నిండినదో లేదో చెప్పదు.

ఈ లోటు తీర్చుటకే 1954లో బోర్డు పల్లెలలో సంక్షేమ విస్తరణ పథకములను ప్రారంభించెను. సుమారు ఇరువదియైదు గ్రామములొక పథకము. వానిలో బాలవాడి, ప్రసూతి సహాయము, స్త్రీలకు అక్షరాభ్యాసము, చేతిపనులు. అర్జీకై వేచియుండక అవసరమున్న చోటికే నిధి నడచినది. నా దృష్టిలో ఆమె కార్యములన్నిటిలో ఇదియే మిన్న.

ఆంధ్ర మహిళా సభను మాత్రము ఆమె విడువలేదు. పోలియోవలన కాళ్ళు చచ్చుబడిన పిల్లల కొరకు ఆ సభ మద్రాసున చికిత్సాకేంద్రమును నెలకొల్పెను. 1975లో దంపతులిరువురకును పద్మవిభూషణ్ లభించెను. 1981 మే 9న దుర్గాబాయి గారు కీర్తిశేషులైరి.