అప్సరను అదుపు చేసిన ఏ.ఎస్. రావు

అణు రియాక్టరులో శృంఖల చర్య హద్దు మీరకుండా నియంత్రక కడ్డీలు ఆపుతాయని మీకు తెలుసు. మరి, వాటిని ఏ క్షణంలో దించాలో చెప్పేదెవరు? ఎలక్ట్రానిక్ పరికరాలు. అవి ఒక్కసారి పొరబడినా ముప్పే! 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పని ప్రారంభించిన 'అప్సర'కు ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం అయ్యగారి సాంబశివరావు బృందం ఇక్కడే నిర్మించింది. అసలు ఘనత ఇదే.

ఈయన 1914లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. కాశీలో భౌతికశాస్త్రం, స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివి, హోమీ భాభా వద్ద చేరారు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినప్పుడు దాని సారథి ఆయనే. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు అక్కడ తయారయ్యాయి. ఆయన 2003లో మరణించారు. మీరు హైదరాబాదు వెళితే, ఆ సంస్థకు సమీపంలోని ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీద వెలసిందే.