మాట ఏ పక్కన ఉందో వెతికిన బ్రోకా

మూర్ఛకు మందులు పనిచేయట్లేదు, ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం అనగానే ఇంట్లోవాళ్లు మొదట ప్రాణం గురించి అడుగుతారు. ఆ వెంటనే, మాట పడిపోతుందా అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకు ఇవాళ కత్తి పెట్టకుండానే జవాబు వెతుకుతున్నాం. ఆ వెతుకులాటకు దారి వేసినవారు ఫ్రెంచి సర్జన్ పాల్ బ్రోకా. ఆయనకు దారి చూపింది కూడా ఒక మూర్ఛ రోగే.

బ్రోకా 1824 జూన్ 28న ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రీ వైద్యుడే. 17 ఏళ్లకే పారిస్‌లో వైద్యవిద్యలో చేరి, 20 ఏళ్లకు పట్టా పుచ్చుకున్నారు. క్యాన్సర్ మీద, రక్తనాళాల మీద పనిచేశారు. 1859లో మానవశాస్త్ర సంఘం స్థాపించారు. కానీ ఆయన పేరు నిలబెట్టింది 1861 ఏప్రిల్‌లో ఒక్క వారం.

పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ ఫిట్స్. 30 ఏళ్ల వయసులో మాట పోయింది. ఏం అడిగినా టాన్ అనే ఒక్క శబ్దమే వచ్చేది. తర్వాత కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కుడి కాలు కుళ్లడంతో బ్రోకా వార్డుకు తెచ్చారు. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయిందని అడిగితే ఎడమచేతి ఐదు వేళ్లూ నాలుగుసార్లు చాపి, ఆపైన ఒక వేలు చూపించాడు. లెక్క సరిపోయింది, 21 ఏళ్లు. అంటే తెలివి ఉంది, ఎదుటివాళ్ల మాట అర్థమవుతోంది. పలకడమే పోయింది. ఏప్రిల్ 17న చనిపోయాడు. మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటు కనిపించింది.

ఒక్క కేసుతో బ్రోకా తొందరపడలేదు. ఆ ఏడాదే లెలాంగ్ అనే మరో వృద్ధుడిలోనూ దాదాపు అదే చోట దెబ్బ కనిపించింది. కేసులు పోగుచేస్తూ పోయి, మాటకు ఎక్కువమందిలో ఎడమ మెదడే ఆధారమని 1865లో గట్టిగా ప్రకటించారు. మార్క్ డాక్స్ అనే వైద్యుడు ఈ మాట ముందే రాశాడని ఆయన కొడుకు వాదించాడు, అది వేరే కథ.

చిక్కల్లా ఒక్కటే, జవాబు కోసం రోగి చనిపోవాలి. బతికున్నవాళ్లలో చూడలేమా? బ్రోకా తలచుట్టూ థర్మామీటర్లు అమర్చిన ఒక పట్టీ తయారుచేసి, మనుషుల చేత చదివించి, ఏ పక్క వేడెక్కుతుందో కొలిచారు. పనిచేసే చోటుకు రక్తం ఎక్కువ వెళ్తుందన్నది ఆయన ఊహ. పుర్రె బయటి వేడిని బట్టి లోపల జరిగేది చెప్పడం కష్టమే, కానీ ఊహ మాత్రం సరైనది.

1949లో జపాన్ వైద్యుడు జున్ వాడా మరో దారి పట్టారు. మెడ రక్తనాళం ద్వారా మత్తుమందు పంపి సగం మెదడును కొద్ది నిమిషాలు నిద్రపుచ్చి, మాట ఆగుతుందేమో చూడటం. ఇది దశాబ్దాలపాటు ప్రామాణిక పరీక్ష. అయితే నాళంలోకి గొట్టం వెళ్లాలి, అరుదుగానైనా పక్షవాతం వంటి ప్రమాదాలు ఉన్నాయి. 1990లో సెయిజీ ఒగావా బృందం రక్తంలో ఆక్సిజన్ మార్పులను ఎంఆర్ఐలో పట్టవచ్చని చూపింది. అదే ఫంక్షనల్ ఎంఆర్ఐ. రోగి కదలకుండా పడుకుని, మనసులో మాటలు వెతుక్కుంటాడు. రక్తం ఏ పక్కకు పరుగెత్తిందో తెరమీద కనిపిస్తుంది. సూది, రేడియేషన్ అక్కర్లేదు. బ్రోకా పట్టీ ఊహే ఇది, ఎన్నో దశాబ్దాల తర్వాత.

కుడిచేతి వాటం వాళ్లలో సుమారు 95 శాతం మందికి, ఎడమచేతి వాటం వాళ్లలో సుమారు 70 శాతం మందికి మాట ఎడమవైపే. చిన్నతనంలోనే ఎడమ మెదడులో ఫిట్స్ మొదలైతే మాట కుడికి మారే అవకాశం పెరుగుతుంది. అందుకే మూర్ఛ రోగిలో చేతివాటం చూసి ఊహించకూడదు. మా కోస్గి వైపు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, ఉర్దూ మాట్లాడేవాళ్లుంటారు. పరీక్ష రోగికి బాగా వచ్చిన భాషలోనే జరగాలి. చదువు రానివాళ్లకు బొమ్మలు చూపించి పేర్లు తలచుకోమంటారు. ఈ స్కాన్ మాటకు పనిచేసే చోట్లు చూపిస్తుందే తప్ప, తీసేస్తే మాట పోయే చోటు ఇదేనని కచ్చితంగా చెప్పలేదు. ఫలితం తేలకపోతే వాడా పరీక్షో, మరొకటో అవసరం పడొచ్చు. మందులు సరిగ్గా వాడినా సుమారు మూడో వంతు మందికి ఫిట్స్ ఆగవు. తగిన రెండు మందులు విఫలమైతే మూర్ఛ శస్త్రచికిత్స కేంద్రంలో చూపించుకోవాలి. చేతిలో తాళంచెవి పెట్టుకుంటూ ఏళ్లు గడపొద్దు.

బ్రోకాను దేవుణ్ని చేయనక్కర్లేదు. పుర్రెలు కొలిచి, మెదళ్లు తూచి, ఆడవాళ్లనూ కొన్ని జాతులనూ తక్కువగా తేల్చిన లెక్కలూ ఆయనవే. 1880లో సెనేటర్ అయ్యారు, అదే ఏడాది జూలై 9న 56 ఏళ్లకే అకస్మాత్తుగా చనిపోయారు. లెబోర్న్ మెదడును ముక్కలు చేయకుండా భద్రపరచాలన్న నిర్ణయం మాత్రం గొప్పది. అది ఇప్పటికీ పారిస్‌లో ఉంది. దాని ఎంఆర్ఐ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. దెబ్బ బ్రోకా పైనుంచి చూసిన చోటుతో ఆగలేదు, చాలా లోతుకు వెళ్లింది.