జేబీఎస్ హాల్డేన్: ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి.. కాకినాడకు దేహాన్ని ఇచ్చిన శాస్త్రవేత్త!

పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో. ప్రొఫెసర్‌గా పేరు తెచ్చుకుంది లండన్‌లో. కానీ చనిపోయాక ఆయన దేహం చేరింది మాత్రం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి! ఆయనే జేబీఎస్ హాల్డేన్. ప్రకృతి వరణం ఎంత వేగంగా పనిచేస్తుందో లెక్క కట్టి చూపించిన శాస్త్రవేత్త.

1892 నవంబర్ 5న జన్మించిన హాల్డేన్‌కు తండ్రే తొలి గురువు. గనుల్లోని విషవాయువులపై పరిశోధన చేసే తండ్రి వెంట చిన్నప్పుడే గనుల్లోకి దిగారు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, ప్రాచీన సాహిత్యం చదివారు. సైన్స్‌లో మాత్రం డిగ్రీ లేదు!

నల్ల రెక్కల లెక్క

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ప్రాంతంలో పెప్పర్డ్ మాత్ అనే రెక్కల పురుగులు ఉండేవి. తెల్ల రెక్కలు, వాటిపై నల్ల చుక్కలు. 1848 నాటికి పూర్తిగా నల్లగా ఉండేవి చాలా అరుదు. అయితే ఫ్యాక్టరీల పొగతో చెట్ల బెరడు మసిబారింది. దాంతో తెల్లవి పక్షుల కంట ఇట్టే పడ్డాయి. నల్లవి తప్పించుకున్నాయి. 1900 వచ్చేసరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే!

ఇక్కడ ఏ పురుగూ తన రంగు మార్చుకోలేదు. బతికి బయటపడ్డవాటి సంతానం పెరిగింది, అంతే. 1924లో హాల్డేన్ దీన్ని గణితంలో పెట్టారు. ఇంత త్వరగా మార్పు రావాలంటే తెల్లవాటి కన్నా నల్లవి దాదాపు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని తేల్చారు. పరిణామం అంటే చాలా నెమ్మదిగా సాగేదని అనుకునే రోజుల్లో ఇది పెద్ద విషయమే.

జబ్బు జన్యువు ఎందుకు పోలేదు?

తలసేమియా జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తే పిల్లలకు తీవ్రమైన రక్తహీనత వస్తుంది. మరి అలాంటి జన్యువు తరాలు గడిచేకొద్దీ కనుమరుగు కావాలి కదా? మధ్యధరా ప్రాంతంలో ఎందుకు అంత ఎక్కువగా ఉంది? 1949లో హాల్డేన్ దీనికి ఓ సమాధానం ఇచ్చారు. ఆ జన్యువు ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుండొచ్చని ఊహించారు. ఐదేళ్లకే ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో ఆంథనీ అల్లిసన్ సరిగ్గా ఇదే చూపించారు. మన ఏజెన్సీ గిరిజనులను నేటికీ వేధిస్తున్నది ఆ సికిల్ సెల్ వ్యాధే.

తెలుగు నేలతో బంధం

సూయజ్ యుద్ధంలో బ్రిటన్ తీరును నిరసిస్తూ 1957లో హాల్డేన్ ఇండియాకు వచ్చేశారు. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. లాల్చీ పైజమా వేసుకున్నారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం కూడా తీసుకున్నారు. ఆయన శిష్యుల్లో ఒకరు పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఆంధ్రలో మేనరికం పెళ్లిళ్ల ప్రభావంపై ఆయన అధ్యయనం చేశారు.

1962లో భువనేశ్వర్‌కు మారిన హాల్డేన్, 1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో అక్కడే కన్నుమూశారు. బతికున్నప్పుడు ఎన్నో ప్రయోగాలు తన ఒంటి మీదే చేసుకున్న మనిషి ఆయన. పోయాక ఆ దేహం కాకినాడ వైద్య విద్యార్థులకు పాఠం కావాలని ముందే వీలునామా రాసిపెట్టారు.