పట్టాలేని పక్షిశాస్త్రజ్ఞుడు – సలీం అలీ

పక్షిని పరిశోధించడమంటే దానిని కాల్చి, చర్మమొలిచి, దూది కూరి, కాలికి లాటిన్ నామపు చీటీ కట్టి సొరుగులో భద్రపరచడమేనని పండితులు విశ్వసించిన కాలం ఒకటుండేది. ఆ కాలంలో పుట్టి, ఆ విద్యనే నేర్చి, చివరకు ప్రాణమున్న పక్షిని అది నివసించే చోటనే చూడవలెనని పట్టుబట్టిన వారు సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. తోబుట్టువులలో కడపటివారు. ఊహ తెలియకముందే తల్లిదండ్రులు గతించగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. బాల్యంలో గాలితుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. దాని పేరు తెలుసుకొనుటకు బొంబాయి సహజ చరిత్ర సంఘానికి వెళ్ళిన ఆ బాలునికి కార్యదర్శి మిల్లర్డ్ అక్కడి పక్షుల సేకరణనంతా చూపించారు. జీవితం ఆ గదిలో మలుపు తిరిగింది.

విశ్వవిద్యాలయ పట్టా లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో ఉద్యోగం దక్కలేదు. పట్టాలకై పరుగులు తీసే మన విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక! బొంబాయి మ్యూజియంలో కొంతకాలం పనిచేసి, బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి ఉన్న ఉద్యోగమూ పోయింది. భార్య తెహ్మినాతో కిహీం అనే సముద్రతీర గ్రామం చేరారు. అక్కడ ఒక చెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుచుండెను. వానకాలమంతా మంచె ఎక్కి వాటిని గమనించడమే ఆయన పని అయింది.

మగపక్షి సగం గూడు అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చినచో స్వీకరిస్తుంది. గూడు పూర్తయి ఆడది గుడ్లు పొదుగ మొదలిడగానే మగది మరొక గూటికి ఉపక్రమించి, మరొక ఆడదానిని ఆకర్షిస్తుంది. దీనిని కేవలం బహుభార్యాత్వమని చెప్పిన చాలదు, ఒకదాని తరువాత ఒకటిగా సాగే వరుస అందులో ఉన్నది. సొరుగులోని చర్మాలను ఎన్ని కొలిచినను ఈ సంగతి తెలిసేదా? పదానికి అర్థం పరిశీలన నుండి రావలెనని మాకు తోచును.

1931–32లో ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిపారు. మన్ననూరు, ఫరహాబాదు అడవులలో విడిసారు. నమూనాలు ఆయనా సేకరించారు, దాచవలసిన పని లేదు. కాని వరుసగా డజన్లకొద్దీ నమూనాలు సేకరించే ఆవశ్యకత ఆయనకు అర్థం కాలేదని వర్గీకరణ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మేయర్ ఆక్షేపించారు. ఇందులో మేము ఒకరినే సమర్థించలేము. రెక్క కొలత లేనిదే జాతి నిర్ణయం కాదు, జాతి తెలియనిదే దాని జీవనం గురించి వ్రాసినదీ నిలువదు. అయినను ఉపజాతుల నామవివాదాలు ఆయన మనసును పట్టలేదు.

పేర్ల విషయంలో మన తెలుగునాట జరిగినది మరింత విచిత్రం. 1848లో జెర్డన్ లోకానికి తెలిపిన ఒక పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు. సలీం అలీ సర్వేలోనూ దొరకలేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపాన భరత్ భూషణ్ దానిని తిరిగి కనుగొన్నారు. శాస్త్రం పోయిందనుకొన్న ఆ పక్షిని అక్కడివారు కలివికోడి అని పిలుచుచునే ఉండిరి! తొంబదేండ్ల వయస్సు సమీపించిన సలీం అలీ దానిని చూచుటకు వెంటనే బయలుదేరి వచ్చారు.

భరత్‌పూర్ విషయంలో మాత్రం ఆయన అంచనా తప్పింది. పక్షులకు హానియని తలచి పశువుల మేతను నిషేధింపవలెనని ఆయన కోరారు. 1982లో నిషేధం అమలైనపుడు జరిగిన కాల్పులలో గ్రామస్థులు మరణించారు. ఆయన అధ్యక్షులుగా ఉండిన సంఘమే 1980లో ఆరంభించిన పదేండ్ల అధ్యయనం, బర్రెలు లేక గడ్డి పెరిగి నీటిని కమ్మివేసినదనీ, పక్షులకు నష్టమే కలిగినదనీ తేల్చింది. ఆయన 1987 జూన్ 20నే కన్నుమూశారు.

మన గోదావరిఖని చుట్టుపట్ల ఓ.బి. గుట్టలపై సంస్థ నాటుతున్న మొక్కల లెక్క కాగితాలపై ఉండును. వాటిపై ఏ పక్షి గూడు కట్టినదో లెక్కించుట వేరొక పని. వానలు పడగానే తుమ్మ కొమ్మలకు గిజిగాడి గూళ్ళు వ్రేలాడును. మగది రెండవ గూడు ఏనాడు ఆరంభించునో వ్రాసి తెచ్చిన విద్యార్థికి వచ్చే సంచికలో రెండు పుటలు కేటాయింపగలము.