వెస్లీ ఇష్టం లేకుండానే వెళ్లిన చోట్లు

ప్రార్థన కోసం పాస్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జవాబు ఏ దారిన రావాలో ముందే తేల్చుకుని వస్తారు. నెలల తరబడి నిద్ర పట్టని మనిషిని డాక్టరుకు చూపించుకోమంటే తన విశ్వాసాన్ని తక్కువ చేసినట్టు చూస్తాడు. మాట్లాడుకోవడం మానేసిన భార్యాభర్తలను కౌన్సెలింగ్‌కు వెళ్లమంటే పరువు పోయినట్టు బాధపడతారు. నయమాను కూడా యొర్దాను పేరు వినగానే కోపంతో వెనక్కి తిరిగినవాడే కదా. ఈ సంగతి ఆలోచిస్తుంటే నాకు జాన్ వెస్లీ గుర్తుకొచ్చాడు. మెదక్ ప్రాంతపు విశ్వాసులకు ఈ పేరు కొత్త కాదు. వాళ్ల తాతముత్తాతలకు సువార్త తెచ్చింది వెస్లియన్ మిషనరీలే. అయితే వెస్లీని పుట్టుకతోనే ధైర్యశాలి అనుకుంటాం. అది నిజం కాదు. పద్ధతి తప్పితే ప్రాణం విలవిల్లాడే మనిషి ఆయన.

1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ గ్రామంలో పాస్టరు ఇంట్లో పుట్టాడు. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు తండ్రి శామ్యూల్ సంఘం పని మీద లండన్‌లో ఉండిపోయాడు. తల్లి సుసన్నా ఆదివారం సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టుకుని ప్రసంగాలు చదివి వినిపించేది. ఇరుగుపొరుగు కూడా రావడం మొదలుపెట్టారు. చివరికి ఆ ఇంట్లో రెండు వందల మంది పట్టక నిలబడేవారు. స్త్రీ ఇలా చేయడమేమిటని ఫిర్యాదు లండన్‌కు చేరింది. ఆపమని భర్త రాశాడు. ఆపాలంటే స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వమని, ఆత్మల విషయంలో దేవునికి లెక్క అప్పుడు ఆయనే చెప్పుకోవాలని ఆమె జవాబు రాసింది. ఆజ్ఞ రాలేదు. ఇదంతా ఆ ఇంట్లో ఉన్న జాన్ చూశాడు.

అయినా పెద్దయ్యాక ఆయన తల్లిలా కాలేదు. ఆక్స్‌ఫర్డులో చదివి, అక్కడే ఫెలోగా ఉంటూ, ఉపవాసాలకు, ప్రార్థనలకు గంటల లెక్క రాసుకునే జీవితం గడిపాడు. 1735లో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కాడు. దారిలో పెద్ద తుపాను వచ్చింది. అల ఓడ మీద విరుచుకుపడి తెరచాపను చీల్చింది. ఇంగ్లీషువాళ్లు కేకలు పెడుతుంటే, ఓడలోని మొరేవియన్ జర్మనులు కీర్తన ఆపకుండా పాడారు. వాళ్ల స్త్రీలకు, పిల్లలకు కూడా భయం వేయలేదని విని వెస్లీ సిగ్గుపడ్డాడు. తాను ఇతరులకు బోధించడానికి వెళ్తున్నాడు, తనకేమో చావంటే భయం. ఆ భయమే ఆయన అసలు సమస్య.

జార్జియాలో పరిస్థితి ఇంకా పాడైంది. సోఫియా అనే యువతిని ప్రేమించాడు గానీ మాట తేల్చలేకపోయాడు. చివరికి చీట్లు వేసి నిర్ణయించుకున్నాడు. ఆ ఆలోచన మానుకొమ్మని చీటీ వచ్చింది. ఆమె మరొకరిని పెళ్లాడింది. తర్వాత ఆయన ఆమెకు ప్రభురాత్రి భోజనం నిరాకరించాడు, గొడవ కోర్టుకెక్కింది, 1737 చివరిలో ఆయన ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. (మన సంఘాల్లో ఇప్పటికీ వాగ్దానపు చీటీ తీసి సంబంధాలు ఖాయం చేసేవారున్నారు. వాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి.)

తిరిగొచ్చాక పీటర్ బోలర్ అనే మొరేవియన్ యువకుడి దగ్గర ప్రశ్నలు అడిగి నేర్చుకున్నాడు. బోలర్ ఆయనకంటే దాదాపు తొమ్మిదేళ్లు చిన్న. ఆక్స్‌ఫర్డు పండితుడికి అది తేలిక కాదు. 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక కూడికకు వెళ్లాడు. ఇష్టంగా వెళ్లలేదని ఆయనే రాసుకున్నాడు. అక్కడ రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతున్నారు. రాత్రి తొమ్మిదింటికి కాస్త ముందు ఆయన హృదయం వెచ్చబడింది.

మరుసటి ఏడాది బ్రిస్టల్‌లో జార్జ్ విట్‌ఫీల్డ్ ఆరుబయట ప్రసంగిస్తున్నాడు. సాయానికి రమ్మన్నాడు. గుడి గోడల బయట ఆత్మలు రక్షింపబడటం దాదాపు పాపమే అనుకున్నవాడు వెస్లీ. అయినా వెళ్లి చూశాడు. 1739 ఏప్రిల్ 2న తానే బయట నిలబడి సుమారు మూడు వేల మందికి వాక్యం చెప్పాడు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆ పని ఆపలేదు.

థామస్ మాక్స్‌ఫీల్డ్ సంగతి కూడా అంతే. అభిషేకం లేని ఆ మామూలు మనిషి ప్రసంగిస్తున్నాడని విని ఆపడానికి లండన్‌కు పరుగెత్తాడు. తల్లి ఆపింది. ముందు ఫలం చూడమని, స్వయంగా వినమని చెప్పింది. విన్నాడు, ఒప్పుకున్నాడు. వెస్లీ ప్రతి కొత్తదాన్నీ నెత్తిన పెట్టుకోలేదు. అలాగని చూడకుండా తోసేయనూ లేదు.

1742లో బ్రిస్టల్ మందిరం అప్పు తీరడం లేదు. ఫోయ్ అనే ఓడ కెప్టెన్, ఒక్కొక్కరు వారానికి పెన్నీ ఇస్తే చాలన్నాడు. బీదలు ఇవ్వలేరని ఎవరో అంటే, అతి బీదలైన పదకొండు మందిని తనకు అప్పగించమని, వాళ్లు ఇవ్వలేనిది తానే వేస్తానని చెప్పాడు. అలా పెన్నీ వసూలుకు ఇంటింటికీ వెళ్లినవాళ్లకు ఒక ఇంట్లో భార్యాభర్తల పోట్లాట, ఇంకో చోట తాగి ఉన్న మనిషి కనిపించారు. అప్పు కోసం మొదలైన ఏర్పాటు పన్నెండేసి మంది ఒకరి బాగోగులు ఒకరు చూసుకునే క్లాసులుగా మారింది. మెథడిస్టు సంఘానికి వెన్నెముక అదే అయింది.

వైద్యం విషయంలో ఆయన మరీ సాహసి. 1746లో బీదలకు ఉచితంగా మందులిచ్చే చోటు తెరిచాడు. మరుసటి ఏడాది గృహవైద్య పుస్తకం వేశాడు. ఫ్రాంక్లిన్ విద్యుత్ ప్రయోగాల గురించి చదివి, 1756లో ఒక విద్యుత్ యంత్రం కొని రోగులకు ఆ చికిత్స ఇప్పించాడు. ఆ పుస్తకం చూసి ఎవరూ వైద్యం చేసుకోవద్దు. బట్టతలకు ఉల్లిపాయ రుద్దమన్నాడు! కానీ 1759లో ఆయన గమనించిన ఒక సంగతి నేటికీ పనికొస్తుంది. ఒక పేద స్త్రీకి ఎప్పుడూ కడుపునొప్పి. డాక్టర్లు మందు మీద మందు రాస్తున్నారు. కొడుకు చనిపోయిన దుఃఖం లోపల తినేస్తోందని ఎవరూ అడిగి తెలుసుకోలేదు. దేహాన్ని, మనసును కలిపి చూడాలని, వైద్యుడికి దైవభక్తి కూడా అవసరమని వెస్లీ రాశాడు.

ఇంత చూసిన మనిషి సొంత ఇంట్లో మాత్రం ఓడిపోయాడు. 1751లో మంచు మీద జారిపడి, మోలీ వజీల్ అనే వితంతువు ఇంట్లో సేవలందుకుని, కొద్ది రోజుల్లోనే ఆమెను పెళ్లాడాడు. పెళ్లయ్యాక ప్రసంగ ప్రయాణాలు ఒక్క మైలు కూడా తగ్గించుకోలేదు. ఆమె అసూయతో ఆయన ఉత్తరాలు వెతికేది. ఆయన ఆమెలో తనకు నచ్చనివి వరుస అంకెలు వేసి ఉత్తరం రాశాడు. ఆమె ఇల్లు వదిలి వెళ్లేది, తిరిగి వచ్చేది, మళ్లీ వెళ్లేది. ఆయన క్లాసు నాయకులు ఎన్నో ఇళ్లలో భార్యాభర్తల మధ్య కూర్చున్నారు. ఈ ఇంట్లో మాత్రం ఆ గొడవ తీరలేదు. 1781 అక్టోబరులో ఆమె చనిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలిసేసరికి సమాధి కూడా అయిపోయింది.