మట్టి బాట నుంచి మహా విజయాల దాకా.. బిల్ వుకోవిచ్

* మిడ్జెట్ కార్ల పోటీలతో ఎదిగిన ఫ్రెస్నో రైతుబిడ్డ
* ఇండియానాపొలిస్‌లో వరుసగా రెండుసార్లు విజేత
* మూడో గెలుపు వేటలో దుర్మరణం

మోటారు పందేల చరిత్రలో బిల్ వుకోవిచ్‌ది చెరగని స్థానం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో చిన్న ఊళ్ల మట్టి బాటలపై పందెం కారు నడపడం నేర్చుకున్న ఆయన, ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందేన్ని 1953, 1954 సంవత్సరాల్లో గెలుచుకున్నారు. 1955 మే 30న అదే బాటపై 36 ఏళ్లకే కన్నుమూశారు.

కష్టాల బాల్యం

సెర్బియా మూలాలున్న వలస కుటుంబంలో 1918 డిసెంబర్ 13న వుకోవిచ్ జన్మించారు. ఫ్రెస్నో ప్రాంతంలో సేద్యం ఆ కుటుంబానికి ఆధారం. ఆర్థిక మాంద్యం అమెరికా రైతును కుంగదీసిన కాలంలో, 1932లో తండ్రి మరణించారు. అప్పటికి కుమారుడు ఇంకా బాలుడే. చదువుకు స్వస్తి చెప్పి కుటుంబ పోషణకు పనుల్లో చేరక తప్పలేదు. 1938లో పందేల్లో అడుగుపెట్టారు. సోదరుడు ఈలై కూడా ఇదే మార్గం ఎంచుకున్నారు.

చిన్న కారు.. పెద్ద పరీక్ష

మిడ్జెట్ అంటే ఒక్కరే కూర్చునే పొట్టి పందెం కారు. దీనికంటే పెద్దది, శక్తిమంతమైనది స్ప్రింట్ కారు. మిడ్జెట్ పందేలు ఎక్కువగా అండాకారపు మట్టి బాటలపై జరిగేవి. చాలా బాటల చుట్టుకొలత అర కిలోమీటరైనా ఉండేది కాదు. మలుపులో వెనుక చక్రాలు పక్కకు జారుతుంటే, ముందు చక్రాలను మలుపుకు వ్యతిరేక దిశలో తిప్పి కారును అదుపు చేయాలి. రెప్పపాటు ఏమరినా ప్రాణాపాయమే. ఈ విద్యలో వుకోవిచ్ ఆరితేరారు.

యుద్ధానంతరం పశ్చిమ తీరంలో ఆయనకు ఎదురు లేకుండా పోయింది. 1946, 1947లలో అక్కడి యునైటెడ్ రేసింగ్ అసోసియేషన్ మిడ్జెట్ విజేతగా నిలిచారు. 1948లో టర్కీ నైట్ గ్రాండ్ ప్రి గెలుచుకున్నారు. 1950లో జాతీయ మిడ్జెట్ చాంపియన్ అయ్యారు. ఆయన దూకుడు చూసి అభిమానులు ‘మ్యాడ్ రష్యన్’ అని పేరు పెట్టారు. నిజానికి ఆయన రష్యన్ కాదు. మితభాషి కావడంతో ‘మౌన సెర్బు’ అన్న పేరు కూడా వచ్చింది.

చేజారిన గెలుపు

ఇండియానాపొలిస్ బాట ఒక చుట్టు 4 కిలోమీటర్లు. మొత్తం 200 చుట్లు తిరగాలి. 1951లో తొలిసారి బరిలో దిగిన వుకోవిచ్, చమురు కారిపోవడంతో 29 చుట్లకే వైదొలగారు. 1952లో హోవార్డ్ కెక్ సమకూర్చిన కొత్త తరహా కర్టిస్ కారుతో 150 చుట్లు ముందంజలో నిలిచారు. ఇక 9 చుట్లే మిగిలాయనగా స్టీరింగ్ భాగం విరిగింది. చేతికందిన గెలుపు ట్రాయ్ రట్‌మన్ పరమైంది.

ఆ మరుసటి ఏడాది మండుటెండలో పందెం జరిగింది. పలువురు డ్రైవర్లు తాళలేక మధ్యలో ఇతరులకు కార్లు అప్పగించారు. వడదెబ్బకు కార్ల్ స్కార్‌బరో అనే డ్రైవర్ ప్రాణాలు కోల్పోయారు. వుకోవిచ్ మాత్రం ఆసాంతం ఒక్కరే నడిపి, 195 చుట్లు ముందుండి విజయం సాధించారు. 1954లో 19వ స్థానం నుంచి బయలుదేరి గంటకు సుమారు 210 కిలోమీటర్ల సగటు వేగంతో మళ్లీ గెలిచారు.

విషాదాంతం

వరుసగా మూడోసారి గెలిస్తే అప్పటికి ఎవరికీ దక్కని ఘనత. 1955లో 57వ చుట్టులోనూ ఆయనే ముందున్నారు. ఎదుట వెళ్తున్న రోడ్జర్ వార్డ్ కారు ఇరుసు విరిగి అదుపు తప్పింది. వెనుక వస్తున్న కార్లు చిక్కుకుపోయి దారి మూసుకుపోయింది. వుకోవిచ్ కారు వాటిని ఢీకొని గోడ మీదుగా ఎగిరిపడి మంటల్లో చిక్కుకుంది. అదే ఏడాది జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్స్‌లో 80 మందికి పైగా మరణించారు. ఈ వరుస దుర్ఘటనల నేపథ్యంలో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పందేల నిర్వహణ నుంచి తప్పుకొంది.

వారసత్వం

కుమారుడు బిల్ వుకోవిచ్ జూనియర్ 1973లో ఇదే పందెంలో రెండో స్థానం పొందారు. మనవడు మూడో బిల్ వుకోవిచ్ 1988లో ఉత్తమ కొత్త డ్రైవర్‌గా ఎంపికైనా, 1990లో బేకర్స్‌ఫీల్డ్‌లో స్ప్రింట్ కారు ప్రమాదంలో మరణించారు. ఇండియానాపొలిస్‌లో ఐదు పందేల్లో కలిపి వుకోవిచ్ తిరిగినవి 676 చుట్లు. అందులో 485 చుట్లు ఆయనే ముందున్నారు. ఫ్రెస్నోలోని బెల్మాంట్ స్మారక వనంలో ఆయన సమాధి ఉంది.